బావిలో బిళ్ళలు

"ఇవాళైనా తేలిందా అమ్మా?"

ఇస్త్రీ పెద్దమ్మ అడిగితే తవ్వకాల మేడమ్ తలెత్తలేదు. బావి గట్టు మీద కూర్చుని, బురదలోంచి తీసిన, బోల్టుల కింద వేసే గుండ్రటి ఇనప వాషర్లను బకెట్లో కడుగుతోంది. అరచేతిలో ఇమిడేంత వాషర్లు పక్కన కుప్పగా పడి ఉన్నాయి.

"ఇవే వస్తున్నాయి పెద్దమ్మా. ఇంకా అడుగు తగల్లేదు."

"మిల్లు చెత్తంతా ఇందులోనే పోసినట్టున్నారు మహానుభావులు."

మూతపడ్డ బట్టల మిల్లు వెనక కార్మికుల కాలనీ, దాని మధ్యలో పూడిపోయిన ఈ బావి. బావి కథ కాలనీలో అందరికీ కంఠతా వచ్చు. సమ్మెకు దిగిన రోజు చీకటి పడ్డాక కార్మికులు ఒక్కొక్కరే గట్టెక్కి, తమ ఇత్తడి బిళ్ళను బావిలో పడేశారు. నంబరున్న ఆ బిళ్ళ చూపిస్తేనే మిల్లు గేటు తెరుచుకునేది. అది చేతిలో లేకపోతే వెనక్కి పోయే దారే ఉండదు. అదీ వాళ్ళ ఒట్టు. మూసిన పిడికిలి చాపడం, బుడుంగుమని చప్పుడు, అంతే.

పస్తులకు ఎవరు మాత్రం తట్టుకుంటారు? సమ్మె ఓడింది. కంపెనీ కొత్త బిళ్ళలిచ్చిందని చెప్పుకుంటూ అందరూ పనిలోకి వెళ్ళారు. పెద్దమ్మ తండ్రి మాత్రం వెళ్ళలేదు. "వట్టి చేతులతో ఆ గేటుకి ఎలా పోను?" అని భార్యతో అని, పని వెతుక్కుంటూ ఊరు విడిచినవాడు మళ్ళీ రాలేదు. సమ్మె ఓడిందంటే ఎవడో ఒకడు అమ్ముడుపోయి ఉండాలి కదా! ఎదురుగా లేనివాడి మీదికి నెట్టడం తేలిక. బిళ్ళను యజమాని చేతిలో పెట్టి, డబ్బు మూటగట్టుకుని పారిపోయాడన్నారు. ఆ మాట పడలేక తల్లి మంచం పట్టి పోయింది. కుళాయి దగ్గర చివరి బిందె ఎప్పుడూ ఆ ఇంటిదే. అమ్ముడుపోయినోడి కూతురు అనిపించుకుంటూనే పెద్దమ్మ జుట్టు నెరిసింది.

ఇప్పుడు బావి పక్కన సమ్మె వీరులకు రాతి పలక నిలబెడుతున్నారు; ఆ బిళ్ళలు వెలికితీసి మ్యూజియంలో పెట్టాలని బావి తవ్విస్తున్నారు. అందరి పేర్లూ చెక్కారు, ఆమె తండ్రి పేరు తప్ప.

సంఘం పెద్ద తాళాలు ఊపుకుంటూ వచ్చాడు. తాళాల గుత్తికి, సమ్మె తర్వాత కంపెనీ కొత్తగా ఇచ్చిందని చెప్పుకునే వాళ్ళ తాత బిళ్ళ వేలాడుతోంది. తాత చేతిలో ఎంత నలిగిందో, అంచులు అరిగి నున్నబడ్డాయి.

"ఈ ఎండలో ఎందుకు పెద్దమ్మా నీకీ యాతన? మీ నాన్న అందులో వేస్తే కదా దొరకడానికి!"

"దొరికితే?"

"పలక మీద అందరికంటే పైన ఆయన పేరే చెక్కిస్తా. సరేనా?" అని నవ్వాడు. "ముందు మా తాతది రానీ. మ్యూజియంలో అద్దాల బీరువా కూడా సిద్ధం చేయించాం."

మర్నాడు మోటారు పెట్టి నీళ్ళు తోడేస్తే బావి అడుగు తేలింది. సాయంత్రం మేడమ్ ఇస్త్రీ కొట్టుకి వచ్చింది. వస్తూనే తలుపు దగ్గరగా వేసి, గుడ్డలో చుట్టిన బిళ్ళను బల్ల మీద పెట్టింది.

నూట పదిహేడు. తండ్రి నంబరే.

పెద్దమ్మ దాన్ని కళ్ళకద్దుకుని భోరుమంది. "నాన్నా, ఎన్నెన్ని మాటలన్నారు నిన్ను! అమ్మ ఉంటే ఎంత బావుండేది!"

"పెద్దమ్మా, నా మాట విని దీన్ని ఇంట్లోనే దాచుకో. ఎవరికీ చెప్పకు."

పెద్దమ్మ ఏడుపు టక్కున ఆగింది. "ఏం, నువ్వూ వాళ్ళ మనిషివేనా?"

"అది కాదు. రేపు కూడా నువ్వు ఈ కాలనీలోనే బతకాలి కదా."

"ఇన్నాళ్ళూ బతికింది దీనికోసమే! దొంగసొత్తా దాచుకోవడానికి? పద, మిగతావాళ్ళ బిళ్ళల పక్కనే పెట్టు. మా నాన్న కూడా వాళ్ళలో ఒకడేనని అందరూ చూడాలి. నాకింకేమీ వద్దు."

మేడమ్ భుజాన సంచిని ముందుకు లాక్కుంది. అందులో సరిగ్గా బిళ్ళంతే ఉన్న వాషర్లు గలగలమన్నాయి.

"మాట్లాడవేం? మిగతావన్నీ ఎక్కడ పెట్టావు?"

"బావిలో దొరికిన బిళ్ళ ఇదొక్కటే పెద్దమ్మా."