అంచులో దారి

“ఆగవే! తెల్లపోగు మరిచావు,” అంది తల్లి.

వెర్లిండా ఆగలేదు. లావుపాటి నల్ల ఉన్నిని పడుగులోకి దూర్చి మగ్గం దువ్వెనతో దబదబా కొట్టింది. గోడకు వేలాడదీసే నేత అది. నడుమంతా తెలుపు, చుట్టూ నల్ల అంచు. కింది సగం తల్లి నేసింది, పై సగం కూతురిది. ఇక మిగిలింది పైమూల ఒక్కటే.

“మరవలేదమ్మా. వేయను.”

“పిచ్చి పట్టిందా? నేసేటప్పుడు మనసంతా ఉన్నిలోకి దిగుతుంది. లోపలి తెల్లపోగుతో అంచు దాటేలా సన్నదారి వదలాలి. లేకపోతే నేసినవాళ్ళు అందులోనే చిక్కుకుపోతారు. మన నవాహో తెగలో, మన ఇంట్లో, ఏ ఆడదీ అంచు మూయలేదు. చిన్నప్పుడే చెప్పానా లేదా?”

“చెప్పావు. చెవులు చిల్లులు పడేలా.”

“మరి?”

“చిక్కుకోనీ.”

అంతలో బయట బండి హారన్ మోగింది.

“వెర్లిండా! పొద్దు వాలకముందే చిన్లీ చేరాలి. బయటికి రా!” పిన్ని కేక.

“అదేంటి, గుమ్మం తొక్కదేం మీ పిన్ని?” తల్లి నొచ్చుకుంది. “ఆ మంచి గొర్రెలన్నీ నా వాటాకే వచ్చాయని ఇంకా అలకేనా?”

“అలకేలే.”

“ఎప్పుడూ అంతే, మూతి ముడుచుకునే మనిషి. సరే, నేనూ బయల్దేరాలి. ఇప్పటికే ఆలస్యమైంది. నా కళ్ళముందే ఆ పోగు వేసెయ్యి. నా బంగారం కదూ! నీ గురించే నా బెంగ.”

“ఎప్పుడూ తొందరే నీకు. ఇంకాసేపు కూర్చోలేవా?”

“ఎంతసేపు కూర్చున్నా లేవాల్సిందే కదే.”

వెర్లిండా కళ్ళు తుడుచుకుంది. పైన దువ్వెన పట్టే చోటు లేదు. చివరి నల్లపోగును పెద్ద సూదికి ఎక్కించి, ఒక్కో పడుగుదారం కింది నుంచి లాగి బిగించింది. అంచు మూసుకుపోయింది.

“ఎంత పని చేశావే! ఇక నీ గతేంటి?” తల్లి లబలబలాడుతూ లేచింది. “ఉండు, మీ పిన్నికి చెబుతాను.”

గబగబా గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడే నిలబడిపోయింది.

“ఇదేంటి... కాలు దాటటం లేదే?”

వెర్లిండా మగ్గం తాళ్ళు విప్పి, నేతను గుండెకు హత్తుకుంది.

“వచ్చి కూర్చోమ్మా. ఇక తొందర లేదు.”

కొండ వెనక తల్లి సమాధి మీది మట్టి ఇంకా ఆరలేదు.