రెండొందల వంగమొక్కలు

“వంగ నారుందాండీ?”

ఎర్ర స్కూటీ దిగిన అమ్మాయి నర్సరీ గేటు దగ్గర నిలబడి అడిగింది.

“లేదు. ఏ నారూ లేదు. వెళ్లండి,” అని కసిరేడు ఆదినారాయణ.

ఎదురుగా ఇరవై వేల మొక్కలు కనబడుతుంటే లేదనడమేంటని ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పాపం, ఆయన బాధ ఆయనది.

అల్లవరం చుట్టుపక్కల బోరు వేస్తే పడేది ఉప్పునీళ్లే. వేసవిలో కాలవలు కట్టేసే ముందే సిమెంటు తొట్టి నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలేదాకా నారుకి అవే నీళ్లు.

కాలవ కట్టేసిన మర్నాడే ఆయన ఘనకార్యం వెలగబెట్టేడు. గట్టు మీద గడ్డికి మందు కొడుతూ, బకెట్టుతో నీళ్లు తోడుకోడానికి బద్ధకించి, స్ప్రేయరు డబ్బానే తొట్టిలో ముంచబోయేడు. చెయ్యి జారి డబ్బా మందుతో సహా బుడుంగుమంది.

ఏం కాదులే అనుకుని ఆ నీళ్లే ఒక మడికి పెట్టేడు. రెండ్రోజులకి ఆ మడిలో లేతాకులన్నీ మెలితిరిగిపోయేయి. మిగతా మడులకి పెట్టడానికి వేరే నీళ్లు లేవు.

ఆ అమ్మాయి లోపలికొచ్చి, వంగి ఆ ఆకులే చూసింది.

“గడ్డిమందు పడిందాండీ?”

“మా నర్సరీ గుమ్మంలోకే గడ్డిమందు రాదండి!” ఇంతెత్తున లేచేడు ఆదినారాయణ.

ఈ ముక్క ఆయనకి కంఠతా వచ్చు. మూడేళ్ల కిందట, నర్సరీ పక్కన పారే బోదె కాలవకి దిగువన పక్కూరి దానం వంగతోట మాడిపోతే, పెద్దల ముందు ఇదే చెప్పి గట్టెక్కేడు.

ఆయన భార్య అమ్మాజీ ఇంక ఊరుకోలేకపోయింది.

“రాకేవండీ! తొట్టెడు నీళ్లూ విషం చేసి కూచున్నారు! ఇంతమంది రైతులకి మాటిచ్చేం. ఈ నారు పోతే మళ్లీ మన మొహం చూస్తారా?”

“పారబోసేస్తానంటున్నాను కదే! బోదెలోకి వదిలేస్తే పోతుంది.”

“వద్దండీ,” అంది ఆ అమ్మాయి గబుక్కున. “దిగువన కూడా తోటలుంటాయి కదండీ.”

ఆదినారాయణ బోదె వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఈ నీళ్లు బాగుచెయ్యొచ్చండి. డబ్బాలో ఎంత మందుందో, ఏం మందో దాచకుండా చెప్పండి. లెక్క తప్పితే పని జరగదు.”

ఆదినారాయణ తొట్టి వంక చూసేడు. పెళ్లాం వంక చూసేడు. మొక్కల వంక చూసేడు. చివరికి చెప్పేసేడు. గడ్డిమందు విషయంలో ఆయన నిజం చెప్పడం అదే మొదలు.

ఆ అమ్మాయి కాగితం మీద లెక్క కట్టింది. ఆకులు పాలిపోతే కొట్టడానికి నర్సరీలోనే ఉంచిన ఇనప ఉప్పు, అన్నభేది తెమ్మంది. కిరాణా కొట్టు నించి నిమ్మ ఉప్పు, రొయ్యల చెరువులకి మందులమ్మే షాపు నించి పెరాక్సైడ్ డబ్బా తెప్పించింది.

“ఇదేం వైద్యమండీ బాబూ?” అన్నాడు ఆదినారాయణ.

“ఇవన్నీ కలిస్తే నీళ్లలో మందుని ముక్కలు ముక్కలు చేసేస్తాయండి. కాలిపోయినట్టే, మంట కనపడదంతే. ఎండ ఉంటే ఇంకా తొందరగా పోతుంది.”

చేతులకి తొడుగులేసుకుని ముందు ఒక బకెట్టులో చేసి చూసింది. తరవాతే తొట్టిలో కొంచెం కొంచెంగా పోసింది. నీళ్లు కాషాయరంగుకి తిరిగేయి. అమ్మాజీ రెండడుగులు వెనక్కేసింది.

సాయంత్రం సున్నపుతేట పోయించింది. తుప్పంతా మడ్డిలా అడుక్కి దిగడం మొదలెట్టింది.

“రేపటికి తేరుకుంటాయండి. అలాగని వెంటనే మొక్కలకి పెట్టకండి. మందున్న పాత నీళ్లు కాసిని ఈ గిన్నెలో తీసి ఉంచేను. అందులో గుప్పెడు పెసలు, తేరుకున్న నీళ్లలో గుప్పెడు పెసలు వేసి చూడండి. ఈ నీళ్లలో వేళ్లు బాగా దిగితేనే నారుకి పెట్టండి. అడుగున మడ్డి మాత్రం బోదెలో పొయ్యకండి.”

“ఇంత చేసేరు, ఏమిచ్చుకోమంటారండీ?” అంది అమ్మాజీ.

“రెండొందల వంగమొక్కలు ఉంచండి. నేను రేపు విశాఖ వెళ్లిపోతానండి. మా ఇంట్లోవాళ్లొచ్చి పట్టుకెళ్తారు.”

పేరైనా అడగలేదే అని ఇద్దరూ నాలిక కరుచుకునేసరికి స్కూటీ మలుపు తిరిగిపోయింది.

మూడ్రోజులు తాగే నీళ్ల టిన్నులు మోసుకొచ్చి నారు మీద తడిపీ తడపనట్టు చిలకరించేరు. ఆదినారాయణ గంటకోసారి పెసల గిన్నెల్లోకి తొంగిచూసేడు.

“ఏవండీ! ఇలా రండి!”

మూడో రోజు పొద్దున్నే అమ్మాజీ కేక. పాత నీళ్ల పెసలు ఉబ్బి ఊరుకున్నాయి. తొట్టి నీళ్ల పెసలకి అంగుళమేసి వేళ్లు దిగేయి.

ఆదినారాయణ అక్కడే అరుగు మీద కూలబడి, ఎన్నాళ్లకో గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. తరవాత మడులన్నీ తనే తడిపేడు. ఆపకుండా ఈలేస్తూ తడిపేడు.

నాలుగో రోజు గేటు దగ్గర సైకిలు ఆగింది. వెనకాల ఖాళీ బుట్ట. దిగింది దానం.

తొట్టి సంగతి తెలిసి దెప్పడానికొచ్చేడు అనుకున్నాడు ఆదినారాయణ. దెప్పినా పడాల్సిందే అనిపించింది. నాలుగు రోజుల కిందట ఒకసారి నిజం చెప్పిన నోరు, ఇప్పుడు ఆగలేదు.

“దానం గారూ, ఆ రోజు మీ తోట మాడింది నా మందుకేనండి. పెద్దల ముందు అబద్ధమాడేను.”

ఆ మాట బయటికొచ్చేక, మొక్కలు బతికినప్పటికంటే తేలిగ్గా అనిపించింది ఆయనకి.

“తెలుసండి, ఆయ్,” అన్నాడు దానం బుట్ట దింపుతూ. “నేనొచ్చింది దానిక్కాదండి. రెండొందల వంగమొక్కలకి చెప్పిందటండి మా పెద్దమ్మాయి. మా తోట మాడిన కాణ్ణించీ, నీళ్లలో పడ్డ ఆ మందుని ఎలా పోగొట్టాలా అన్న చదువే చదువుతోందండి.”