కాదమ్మ

"కాదు."

జడ్జిగారింటి హాల్లో ఉన్నవాళ్లందరూ తలతిప్పి చూశారు.

గోడమీది వంకీల బాకు ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. బొద్దుగా ఉంది. చేతిలో గుడ్డసంచి. ఆవిణ్ణి ఎవరు పిలిచారో ఎవరికీ తెలియదు.

పక్కనున్న కత్తి దగ్గరికి జరిగింది. పిడి మీది రాళ్లకేసి చూడనైనా చూడలేదు. ఇనుము పిడిలోకి దిగేచోట ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది.

"ఇదీ కాదు."

జడ్జిగారి మొహం జేవురించింది.

దేశదేశాల కత్తులు అవి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, పరాయి ఊళ్లు పట్టి తిరిగి, వేలంపాటల్లో పంతానికి పోయి తెచ్చుకున్నవి. "కూరగాయ తెగే చాకు లేదు గానీ, గోడల నిండా కత్తులే" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. కత్తులు పోగుచేసే సాటి సేకర్తల్ని పిలిచి, వాటిని చూపించుకుని మురిసిపోదామనుకున్న రోజే ఈవిడ ఊడిపడింది.

"ఏమమ్మా, ఏం కాదు?"

"ఇది కాదు."

"అంటే నకిలీదా?"

"ఆ మాట మీరన్నారు. నేను కాదన్నానంతే."

"ఈ వంపు చూశారా? ఉక్కులో ఈ నీటిచారలు చూశారా? ఇది ఎడారి గుర్రపురౌతుల కత్తి. పుస్తకాలు తిరగేసి, పదిమందిని అడిగి తేల్చాను నేను!"

"బాగుంది. అయినా కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

జడ్జిగారు డ్రైవరుకి సైగ చేశారు. వాడు వచ్చి ఆవిడ భుజమ్మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్యి. నాకు కాళ్లున్నాయి." ఆవిడ తలెత్తుకునే బయటికి నడిచింది.

"ఎవరండీ ఆవిడ?" అన్నారు జడ్జిగారు.

"ఎవరో ఎవరికీ తెలీదు. ఎక్కడ పాతకత్తులున్నాయంటే అక్కడ వాలుతుంది" అన్నాడు ఒక సేకర్త. "అందర్నీ అదే మాట అంటుంది. కాదమ్మ అని పేరు పెట్టేశాం."

"అయితే పిచ్చిదన్నమాట."

"ఏమో! ఆవిడ కాదన్న కత్తిని మాత్రం ఆ తర్వాత ఎవరూ ముట్టుకోవడం లేదు."

ఆ మాట జడ్జిగారి బుర్రలో పురుగై దూరింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఆవిడ!

"మళ్లీ ఎందుకొచ్చారు?"

"లోపలి గది చూడలేదు."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. వాళ్లొచ్చేలోగా చూసేసి వెళ్తాను."

జడ్జిగారి భార్యకి నవ్వాగలేదు. తనే వెళ్లి గేటు తీసింది.

లోపలి గదిలో, తలుపు వెనక, సన్నటి పొడుగు కత్తి ఒకటి ఉంది. నగిషీ లేదు, రాళ్లు లేవు. ఏదో వేలంలో పెద్దకత్తితోపాటు కొసరుగా వచ్చింది.

ఆవిడ చేతిలోని సంచి జారి కింద పడింది.

కత్తిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. బొటనవేలితో పిడి నుంచి మొనదాకా నిమిరింది.

"ఇదే" అంది చివరికి.

జడ్జిగారు గబుక్కున దగ్గరికొచ్చారు. "అసలైనదేనా?"

"దీనంత అసలైనది నా బతుకులో ఇంకోటి లేదు."

"మరి హాల్లోవి?"

"వాటి సంగతి నన్నడక్కండి."

"అసలు మీరెవరు? ఇవన్నీ మీకెలా తెలుసు?"

"జడ్జిల ముందు నోరు విప్పే అలవాటు మా ఇంట్లో లేదండీ."

ఆవిడ కత్తిని జడ్జిగారి భార్య చేతికిచ్చి, సంచి అందుకుంది.

"దీన్ని చీకట్లోంచి తీసి, నలుగురూ చూసేచోట పెట్టండి" అంది. బతిమాలినట్టు లేదు, ఆజ్ఞ ఇచ్చినట్టుంది.

వెళ్లిపోయింది.

ఆ కత్తి హాలు మధ్యన గాజుపెట్టెలోకి చేరింది. మిగతావాటిని చూస్తుంటే జడ్జిగారికి ఒళ్లు మండిపోయింది.

"తొందరపడకండీ, నకిలీవని ఆవిడ అనలేదు కదా" అంది భార్య.

"కాదంటే ఇంకేమిటే అర్థం? దొంగసరుకు నా గోడ మీద ఉండటానికి వీల్లేదు."

ఒక్కటి కూడా మిగల్చకుండా నాటకాల కంపెనీకి ఇచ్చేశారు. వాళ్లు ఎవరికీ గాయం కాకుండా అంచులు అరగదీసి, రాళ్లు పీకేసి, మీద మెరుపురంగు పూసుకున్నారు.

కొన్నాళ్లకి ఒక అమ్మాయి వచ్చింది.

"మా అమ్మమ్మ పోయిందండీ. మీ ఇంట్లో చూసొచ్చిన కత్తి గురించి ఆఖరిదాకా చెప్పుకుంది. ఒక్కసారి చూసి వెళ్తాను."

జడ్జిగారు లేచి నిలబడ్డారు.

"అంతటి మనిషిని ఆ రోజు గెంటించాను తల్లీ. కత్తుల గురించి అంత తెలిసినవాళ్లు మళ్లీ పుట్టరు."

అమ్మాయి తెల్లబోయింది. "అమ్మమ్మకా? పాతకత్తుల గురించి ఏమీ తెలీదండీ. ఈ ఒక్క కత్తి కోసమే ఊళ్లన్నీ తిరిగింది."

జడ్జిగారు నాటకాల కంపెనీని తలుచుకుని కుర్చీలో కూలబడ్డారు.

అమ్మాయి గాజుపెట్టె దగ్గరికి వెళ్లింది. పక్కనున్న అట్టముక్క మీద జడ్జిగారు స్వయంగా రాసిన అక్షరాలు: 'సుమారు మూడువందల ఏళ్లనాటిది. చేసినవాడెవరో తెలియదు.'

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని, అట్టముక్కని తీసి జడ్జిగారి చేతిలో పెట్టింది.

"ఆడదాని చేతి కత్తంటే ఎవడూ కొనడని మా ముత్తాత దీన్ని పాతకాలం సరుకని అబద్ధమాడి అమ్మేశాడండీ, ఆయన ఊళ్లో లేనప్పుడు కొలిమి రాజేసి, ఒంటరిగా సమ్మెట పట్టి దీన్ని చేసింది మా అమ్మమ్మే."