తోక మీద మీసం

ఒకళ్ళింట్లో గాజు తొట్టె ఉండేది. అందులో ఉప్పునీళ్ళు, నాలుగు పగడపు రాళ్ళు. అడుగున ఇసకలో, ఒకే బొరియలో, డెక్కతో చిటికెలేసే ఒక రొయ్య, ఒక ఇసక చేప కాపురం ఉండేవి.

రొయ్యకి చూపు ఆనదు. అది బొరియ తవ్వితే, చేప గుమ్మంలో కాపలా కాసేది. రొయ్య మీసం ఎప్పుడూ చేప తోక మీదే ఉండేది. తోక వణికిందంటే శత్రువొచ్చినట్టే. చప్పున లోపలికి దూరిపోయేది.

"అన్నా, సముద్రం ఎంత దూరం?" అని రొయ్య రోజూ అడిగేది.

అద్దం అవతల చేపకి గోడా, ఫ్యానూ తప్ప ఏం కనపడేవి కావు. అయినా తమ్ముడి మనసు నొప్పించలేక, "ఇదిగో, పక్కనేరా" అనేది.

రొయ్య ఆశగా అటే తవ్వుకుంటూ పోయింది. ఓ రోజు డెక్క టక్కుమని గాజుకి తగిలింది.

చేప గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. "తమ్ముడూ, నేను..."

"తెలుసులే అన్నా. నువ్వు 'పక్కనే' అని చెప్పినప్పుడల్లా నీ తోక వణికేది. శత్రువు మాత్రం వచ్చేవాడు కాదు."

"మరెందుకు తవ్వావురా? మీసం బారెడు, బుద్ధి బెత్తెడు లేనోడా!"

"నువ్వట్టా అంటుంటే వినబుద్ధేసేది. ఇవాళ నిజం చెప్పు. ఎంత దూరం?"

చేప అద్దం అవతల గోడకేసి చూసింది.

"దూరంరా. మనం పోలేనంత దూరం."

ఈసారి తోక వణకలేదు. రొయ్య లోపలికి దూరలేదు. మెల్లగా బయటికొచ్చి, చేప పక్కన చేరి, అది చూసేవైపే చూస్తూ కూర్చుంది.