సీటు వెనక పలక

హెలికాప్టర్‌లో పైలట్ సీటు వెనక తూటాలను ఆపే తేలికైన పింగాణీ పలక ఉంటుంది. దాన్ని చిన్న సుత్తితో తట్టి, చెవితో పరీక్షించడం నాకు మా షెడ్డు మేస్త్రీగారే నేర్పారు.

“ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగిందా, లోపల చీలినట్టేనమ్మా,” అనేవారు.

నేను వెనక నుంచి తడితే, ఆయన సీట్లో కూర్చుని వేలి ఉంగరంతో జవాబు కొట్టేవారు. బాగుంటే రెండు దెబ్బలు, మార్చాలంటే మూడు.

ఆయన పోయి ఏడాదైంది. ఈ రాత్రి షెడ్డులో ఒక్కదాన్నే ఆ పలక తట్టాను. ఖంగుమంది. ‘బాగుంది’ అని రాయబోతుంటే, ఖాళీ సీట్లోంచి టక్, టక్‌మని వినిపించింది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

కలం కాగితానికి ఆనించాను. అప్పుడు మూడో దెబ్బ పడింది.

తెల్లవారితే ఆ సీట్లో ఎగరబోయేది మేస్త్రీగారి అబ్బాయి.