ఆఖరి టైల్స్ పెట్టె

“ఈ రెండూ ఒకటే రంగంటావా?”

రషీదా చెరొక చేత ఒక టైలు పట్టుకుని వాకిట్లో ఎండకు నిలబడింది. భర్త అబ్దుల్ వాహిద్ ఒకసారి వాటిని, ఒకసారి ఆమెను చూశాడు.

“ఒకటే మాదిరుండాయి గదా.”

“ఇది పాల రంగు, ఇది మీగడ రంగు. కువైట్‌లో పెద్దపెద్దోళ్ల ఇండ్లకు టైల్స్ వేసేటోడివి, నీకు తెలియకపోతే ఎట్లయ్యా?”

లోపల వంటింట్లో మేస్త్రీ చాంద్ బాషా దగ్గినట్టు నవ్వాడు. “ఆపా, పొగ పడితే రెండూ ఒకటే అయితాయి. అతికించేస్తా పో.”

“ఆ గోడ మొగం చూస్తా రోజూ వంట చేసేది నువ్వా, నేనా?”

వాహిద్ టైల్స్ పెట్టెను స్కూటీ మీద పెట్టుకుని, మార్చుకు రావడానికి బజారుకు పోయాడు.

వాహిద్ సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చిన వారానికే పాత వంటింటి గట్టు పగలగొట్టించారు. మేస్త్రీకి కూలి మాత్రమే, సామానంతా మనమే తెచ్చివ్వాలని రషీదా షరతు. పోయినసారి స్నానాలగదిని ఎవరికో మొత్తం కాంట్రాక్టుకు ఇస్తే, ఏడాది తిరగకముందే గోడలు చెమ్మెక్కాయి. ఈసారి ప్రతి వస్తువూ తన కళ్ల ముందు నుంచే లోపలికి పోవాలి. తెచ్చే పని వాహిద్ తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. తాపీ మాత్రం ముట్టనన్నాడు. “ఏడాది పొడుగునా ఆడ చేసేది అదే. ఈడ గూడా అదేనా?”

నెత్తిన వేసుకున్నాడే గాని, ఒక్కటీ సరిగా తేలేదు. జమ్మలమడుగు నుంచి తెచ్చిన నాపరాళ్లు అరలకు జానెడు పొట్టివయ్యాయి. సింకు తొట్టి ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు వచ్చింది. కొళాయి మర పైపుకు ఎక్కలేదు. ప్రతిసారీ రషీదా పట్టుకునేది. ప్రతిసారీ అతను తిరిగి మోసుకుపోయేవాడు. ఒక్కసారైనా విసుక్కుని ఉంటే ఆమెకు అంత మంట ఉండేది కాదు.

పైగా ఆ సూట్‌కేసు. బీరువా మీద నుంచి ఎప్పుడు దించాడో, మంచం పక్కనే నోరు తెరుచుకుని ఉంది. కువైట్ నుంచి మేనేజర్ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే జవాబు.

“ఇంటి పని అయిపోతానే వచ్చేస్తా సార్.”

అయిపోతానే. ఆ మాట విన్నప్పుడల్లా రషీదా చేతిలో ఏ గిన్నె ఉంటే అది గట్టిగా కింద పడేది. మనిషి ఈడ, మనసు ఆడ. లేకుంటే, గోడను అరచేత్తో తడిమి వంకర చెప్పగలిగిన మనిషికి పాలకూ మీగడకూ తేడా తెలియదా? ఈ ఇల్లు తనదని అనుకుంటే కదా! వంటిల్లు ఎట్లాగో అయిందనిపించి విమానం ఎక్కాలి, అంతే. ఆ సంగతి మొగం మీదే అడిగేయాలని రోజూ అనుకునేది. అవునంటాడేమోనని అడగలేదు.

గురువారానికి కిటికీ పక్క గోడ ఒక్కటే మిగిలింది. ఆ రంగు టైల్స్ ప్రొద్దుటూరులో అయిపోయాయి. పులివెందులలో ఒకే ఒక్క పెట్టె ఉందని తెలిసింది.

“అది తెచ్చిచ్చినావంటే సాయంత్రానికి ముగిస్తా. ఇంక నువ్వు టికెట్ చేసుకోవచ్చు భాయ్,” అన్నాడు చాంద్ బాషా.

వాహిద్ తల ఊపి స్కూటీ తీశాడు.

అతను పోయిన కాసేపటికి మేస్త్రీ సామాన్లన్నీ గుమ్మరించి వెతకడం మొదలుపెట్టాడు. “ఆపా, నా సుత్తి యాడన్నా చూసినావా? పొద్దున కిటికీలోనే పెట్టినా.”

“నీ సుత్తికి కాపలా కాసేదానికా నేనుండేది? ఇసుకలో చూడు.”

“ఇసుకలో ల్యా. మా నాయన కాలం నాటిది ఆపా అది.”

పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. రషీదా గేటు దాకా పోయి వచ్చింది. అన్నం వార్చి మళ్లీ పోయింది. ఈ రోజుతో పని అయిపోతుంది. అయిపోవాలనే కదా ఇన్నాళ్లూ అరిచింది? మరి కాళ్లు ఒకచోట నిలవవేం?

స్కూటీ చప్పుడైంది. వాహిద్ తలవంచుకుని పెట్టె దించాడు. లోపల గలగలమంది.

“ముద్దనూరు కాడ గుంతలో బండి ఎగిరింది. తాడు తెగి పడిపాయ.”

చాంద్ బాషా అట్ట విప్పి చూశాడు. ఒక్క టైలూ బతకలేదు.

“షేకు ఇంటికి తీసకపోయేటప్పుడు గూడా ఇట్లనే పడేస్తావా?” రషీదా ఒక ముక్క తీసి అతని ముందు పెట్టింది.

“ఆడ పడేస్తే పనిలోనుంచి తీసేస్తారు.”

“ఈడైతే?”

“ఈడ నువ్వు తీసెయ్యవు గదా.”

“నవ్వులాటగా ఉందా నీకు? చాంద్ భాయ్, ఇంకో పెట్టె ఎప్పుడొస్తాది?”

“కంపెనీ నుంచి రావాల ఆపా. నెల పట్టినా పట్టొచ్చు. అందాకా నేను దువ్వూరులో ఇంకో పని చూసుకుంటా,” అని మేస్త్రీ చేతులు కడుక్కున్నాడు. “సుత్తి కనపడితే మాత్రం ఫోన్ చెయ్.”

వాహిద్ అప్పటికే పెరట్లో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. “ఏం చేయమంటారు సార్, సామాను రాల్యా. ఇంకో నెల...”

ఆమెకు ఒళ్లు మండింది. ఇంక ఈయన్ను నమ్మి లాభం లేదు, పులివెందుల అంగడికి తనే ఫోన్ చేస్తుంది. బిల్లు డిక్కీలోనే పెడతాడు, దాని మీద నంబరు ఉంటుంది కదా అని, బల్ల మీది తాళాలు తీసుకుని స్కూటీ డిక్కీ తెరిచింది.

పైన పులివెందుల అరటిపండ్లు, బాగా మాగినవి. అంత గుంతలో బండి ఎగిరినా ఒక్కటీ నలగలేదు. రషీదా పండ్లను మెల్లగా పైకెత్తింది.

కింద చాంద్ బాషా సుత్తి ఉంది.