మెరుపు బాబాయ్

మూడోసారి కూడా తప్పితే ఇంకో ఆర్నెల్లు ఆగాలి. అయినా చిన్న డాక్టరుకు పొద్దున్నుంచీ నవ్వు ఆగడం లేదు. భయం మరీ ఎక్కువైతే ఆమెకు నవ్వొస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

పరీక్ష ఒక్కటే. లైట్లు తగ్గించిన గది, ఒక కంప్యూటరు, ఒక రోగి స్కానింగు. మెడ నుంచి కపాలం దాకా మనిషిని అడ్డంగా పలచగా తరిగినట్టు నూట ఇరవై బొమ్మలు. గొంతులో కణితి ఉంది. అది కనిపించిన ప్రతి బొమ్మలోనూ దాని చుట్టూ ఎరుపు గీత గీయాలి. పక్కనే ఉన్న లాలాజల గ్రంథి చుట్టూ ఆకుపచ్చ గీత. ఎరుపు లోపల ఉన్నదాన్ని రేడియేషన్ కాలుస్తుంది. ఆకుపచ్చను కాపాడాలి. అది కాలితే నోట్లో తడి ఊరదు. రెండు గీతలూ సరిగ్గా కుదిరితే రేపట్నుంచి నిజం రోగులకు గీయనిస్తారు.

ఈ స్కానింగు పాతది. పేరు, వయసు, తేదీ అన్నీ చెరిపేశారు. ఇరవై ఏళ్ళుగా ఆ విభాగంలో చేరిన ప్రతివాళ్ళూ ఈయన మీదే చెయ్యి తిప్పుకున్నారు.

చిన్న డాక్టరు ఆయనకు మెరుపు బాబాయ్ అని పేరు పెట్టింది. కింది దవడలో, చివరి నుంచి రెండో పన్నుకు ఏదో లోహపు తొడుగుంది. స్కానింగులో దాని చుట్టూ తెల్లటి చారలు మెరుపుల్లా చిమ్ముతాయి.

అమ్మ రోజూ ఫోనులో అడిగేది.

"మా మరిది ఎలా ఉన్నాడే?"

కూతురికి బాబాయ్ అయితే తనకు మరిదే కదా అని ఆవిడ లెక్క.

"బానే ఉన్నాడమ్మా. కదలడు, మెదలడు."

"ఆ పన్ను బంగారమా, వెండా?"

"స్కానింగులో రంగు తెలీదమ్మా."

"బంగారమే. మనింటి మనిషి ఇత్తడి పెట్టించుకుంటాడా? ఇంతకీ బతికాడా లేదా, అది చెప్పు."

"నాకేం తెలుసు!"

"మీ పెద్దాయన్ని అడగవే!"

"పెద్దాయన్నా? ఇంకేమన్నా ఉందా!"

పెద్దాయన అంటే పెద్ద డాక్టరు. ఈ పరీక్ష పెట్టేదీ ఆయనే, తప్పించేదీ ఆయనే. ముక్కు మీద కోపం, చేతిలో నీళ్ళ సీసా. నాలుగు మాటలకో గుక్క. తిట్లు జారడానికి గొంతు తడుపుకుంటారని కుర్ర డాక్టర్ల నమ్మకం. మాట కూడా పెదవి విప్పీ విప్పనట్టే. ఆయన నవ్వు చూసినవాళ్ళు ఆ భవనంలో ఇంకా పుట్టలేదు.

మొదటి రెండుసార్లూ ఆమెది ఒకటే తప్పు. కణితి ముక్క ఎక్కడ మిగిలిపోతుందోనని జంకి ఎరుపు గీతను కాస్త వెడల్పుగా లాగింది. అది పోయి గ్రంథి మీద పడింది.

"రెండు మిల్లీమీటర్లే కదా సార్," అని కూడా అంది రెండోసారి.

అంతే, ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "రెండే అంటావేంటి? ఆ రెండూ పోతే మళ్ళీ వస్తాయా? నీ భయానికి శిక్ష ఆయనకా?"

ఆ మాట ఆమెను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇవాళ మాత్రం కుర్చీలో కూర్చోగానే హుషారు పుట్టుకొచ్చింది. తెర మీద తెలిసిన ముఖమే. "రా బాబాయ్, మనిద్దరం ఒడ్డున పడదాం," అని గొణిగింది.

"ఎవరితో మాటలు?" వెనక నుంచి పెద్దాయన గొంతు.

ఇక దాచి లాభం లేదు. నోటికి కళ్ళెం కూడా లేదు.

"మెరుపు బాబాయ్‌తో సార్. ఈయనే. మా అమ్మకు మరిది. ముక్కు దూలం వంకర చూడండి, చిన్నప్పుడు ఎవరి చేతిలోనో బాగా తిన్నాడు. ఈ కపాలం మందం చూస్తే ఎవరి మాటా వినని మొండిఘటం అనిపిస్తోంది సార్."

పెద్దాయన ఒక గుక్క తాగారు. మూత నెమ్మదిగా బిగించారు.

"ముందు గీత చూసుకో."

అరవై ఒకటో బొమ్మ వచ్చింది. కణితీ గ్రంథీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేది ఇక్కడే. రెండుసార్లు ఆమె బోల్తాపడ్డదీ ఇక్కడే. నవ్వు ఆగిపోయింది. బొమ్మను పెద్దది చేసింది. ఊపిరి బిగబట్టింది. ఎరుపు గీతను కణితి అంచు వెంటే నడిపి, గ్రంథి దగ్గర వెంట్రుకవాసిలో తిప్పేసింది. భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

పెద్దాయన ఆమెను పక్కకు జరగమని కూర్చున్నారు. నూట ఇరవై బొమ్మలూ ఒక్కొక్కటే తిప్పారు. అరవై ఒకటి దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు.

"పాసయ్యావు," అన్నారు చివరికి. తర్వాత తెర వైపు చూస్తూనే మెల్లగా అన్నారు, "ఆరోజు ఈ గీత నువ్వు గీసుంటే ఎంత బాగుండేది."

రెండో మాట ఆమె చెవికెక్కలేదు. మొదటి మాటకే కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పరిగెత్తుకెళ్ళి అమ్మకు ఫోను చెయ్యాలి. తలుపు దాకా వెళ్ళి టక్కున ఆగింది. అమ్మ మొదట అడిగేది పరీక్ష గురించి కాదు మరి.

"సార్... కోప్పడకండి. మా అమ్మ కనుక్కోమంది. ఈయన బతికాడా సార్?"

పెద్దాయన తెర వైపు చూశారు, ఆమె వైపు చూశారు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

ఆపుకోలేక ఆయన నోరంతా తెరిచి పగలబడి నవ్వేసరికి, కింది దవడలో, చివరి నుంచి రెండో పన్ను తళుక్కుమంది. అమ్మ చెప్పినట్టు బంగారమే.